సెకండ్ హ్యాండ్ ఉప్పునీటి ఆక్వేరియం: మూడేళ్లు వాడాక

నిజాంపేటలో ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తూ నాలుగడుగుల ఉప్పునీటి ఆక్వేరియం, కింద సంప్ (నీళ్లను శుభ్రం చేసే చిన్న ట్యాంకు), స్కిమ్మర్ (నురగతో మురికిని లాగే పరికరం), వేవ్‌మేకర్లు (నీళ్లను కదిలించే మోటర్లు), స్టాండు అన్నీ కలిపి 18 వేలకు ఇస్తానంటే వెళ్లి చూశాను. చూడగానే వద్దనుకున్నాను. అద్దం మీద ఎర్రటి జిగురు పొర, రాళ్ల నిండా జుట్టులా వేలాడే నాచు, మూత అంచుల్లోనూ ప్లగ్గు బోర్డు మీదా పేరుకుపోయిన ఉప్పు. ఆ మురికి మధ్య ఒకే ఒక్క క్లౌన్ చేప. రెక్కలు చిరిగి ఉన్నాయి, అయినా నేను దగ్గరికి వెళ్లగానే తిండి పెడతానేమో అని పైకి వచ్చింది. "చేపను కూడా మీరే తీసుకెళ్లండి సార్, ఒక్కటే మిగిలింది" అన్నారాయన. ఆ చేప కోసమే డబ్బులిచ్చాను.

ఇప్పుడు మూడేళ్లు దాటింది. ఇలాంటి పాత ట్యాంకు కొనాలని చూస్తున్నవాళ్లు నాకు జరిగింది తెలుసుకుంటే వాళ్ల డబ్బూ, కొన్ని ప్రాణాలూ మిగులుతాయని రాస్తున్నాను.

అక్కడే నా రిఫ్రాక్టోమీటర్‌తో, అంటే నీటిలో ఉప్పు ఎంతుందో చూసే పరికరంతో, నీళ్లు కొలిచాను. సాంద్రత 1.032 చూపించింది. సముద్రపు నీరు 1.025, 1.026 దగ్గర ఉంటుంది. ఆయన రోజూ ఆవిరైన నీటికి బదులు మళ్లీ ఉప్పునీళ్లే పోస్తూ వచ్చారట. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, ఉప్పు లోపలే ఉండిపోతుంది, అందుకే రోజువారీ తరుగుకి మంచినీళ్లే పోయాలి. ఆయన దగ్గరున్న, ఉప్పు కొలిచే ముల్లు మీటరు మాత్రం అంతా బాగుందనే చూపిస్తోంది. చేపను 60 లీటర్ల టబ్బులో, అదే పాత నీళ్లలో పెట్టి, నాలుగైదు రోజుల మీద కొంచెం కొంచెంగా ఉప్పు తగ్గించాను. ట్యాంకు పని అయ్యేదాకా అది ఆ టబ్బులోనే ఉంది. రోజూ అమ్మోనియా (చేప వ్యర్థాల నుంచి పుట్టే విషం) చూడటం, నీళ్లు మార్చడం, ఆఫీసు నుంచి రావడం ఆలస్యమైతే ఒకటే టెన్షన్.

ఇసుక సంగతి. పాత ట్యాంకులో చేప ఉండగా ఇసుకను కదపొద్దు. అడుగున గాలి అందని పొరలో విషవాయువు చేరి ఉంటుంది. నేను నీళ్లన్నీ తోడేశాక గరిట పెట్టి ఎత్తితే కింద నల్లగా ఉంది, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చింది. మొత్తం పారేశాను. కడిగి వాడుకోవచ్చని చాలామంది చెప్తారు, కొత్త ఇసుక ధర చూస్తే అంత రిస్కు అనవసరం.

ఖాళీ ట్యాంకును మేడ మీద పెట్టి నిండా నీళ్లు నింపి మూడు రోజులు ఉంచాను. రెండో రోజు ఒక మూల తడి కనిపించింది. పైపైన కొత్త సిలికాన్ రాస్తే సరిపోతుందనుకున్నాను కానీ పాత సిలికాన్ మీద కొత్తది పట్టదు. అద్దాల షాపతను వచ్చి లోపలి అతుకంతా బ్లేడుతో గీకి తీసి, ఫంగస్ మందు కలవని సిలికాన్ వేశాడు. వారం రోజులు ఆరబెట్టాం. స్టాండు అయితే చెక్కపొడి బోర్డుతో చేసింది, కింద ఉబ్బిపోయింది. నీళ్లే 250 లీటర్లు, అంటే పావు టన్ను, పైగా అద్దాలు, రాళ్లు. దాన్ని నమ్మలేక ఇనుప స్టాండు వెల్డింగు చేయించి పైన మెరైన్ ప్లైవుడ్ వేశాను. మోటర్లు, స్కిమ్మర్ మాత్రం సున్నం పట్టి ఆగిపోయాయి తప్ప పాడవలేదు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెడితే తెల్లారేసరికి తిరిగాయి. స్కిమ్మర్ పంపులో ఇంపెల్లర్ (లోపల తిరిగే చక్రం) ఒకటి మార్చాను, ఇప్పటికీ అదే నడుస్తోంది. హీటరు రబ్బరు పగిలి ఉంది, దాన్ని వెంటనే తీసేశాను. ఉప్పునీళ్లు, కరెంటు ఒకేచోట ఉంటాయి కాబట్టి ఈ లైనుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించాను.

ఇక అసలు దెబ్బ. రాళ్లు బాగానే ఉన్నాయి కదా అని బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి, ఎండబెట్టి మళ్లీ పెట్టాను. కొత్త నీళ్లు పోసి, అమ్మోనియాను తినే బ్యాక్టీరియా సీసా కలిపి, అది పట్టుకునేదాకా ఐదు వారాలు ఆగాను. అమ్మోనియా, దాన్నుంచి వచ్చే నైట్రైట్ సున్నాకు వచ్చాయి, చేప ఇంటికి చేరింది, మంచిగా తింటోంది. నాచు తింటాయని ఆరు నత్తలు, రెండు రొయ్యలు తెచ్చి వదిలాను. మర్నాడు పొద్దునకి నత్తలు అద్దానికి పట్టుకోలేక ఇసుక మీద వెల్లకిలా పడి ఉన్నాయి. సాయంత్రానికి ఒక రొయ్య పోయింది, మరుసటి రోజు రెండోది. ఉప్పు, వేడి, అమ్మోనియా అన్నీ మళ్లీ మళ్లీ కొలిచాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు ఎక్కడుందో తెలియక రెండు రోజులు సరిగ్గా నిద్రపోలేదు.

చివరికి అమ్మినాయనకు ఫోన్ చేశాను. "తెల్లమచ్చల జబ్బు వచ్చినప్పుడు నీలం మందు పోశాం సార్, రెండు మూడు సార్లు" అన్నారు. ఆ నీలం మందులో ఉన్నది రాగి. చేపలు తట్టుకునే మోతాదులో కూడా నత్తలు, రొయ్యలు బతకవు. ఆ రాగి రాళ్లలోకి ఇంకి తర్వాత మెల్లగా నీళ్లలోకి వదులుతూ ఉంటుంది. రాగి టెస్టు కిట్ తెప్పిస్తే రంగు వచ్చింది, అంటే నీళ్లలో రాగి ఉంది. ఆయన్ని తప్పుపట్టను, ఆయన దాచలేదు, అడిగితే చెప్పారు. కొనేటప్పుడు నేను లీకు గురించి అడిగాను, మోటర్ల గురించి అడిగాను, ఇందులో ఏ మందులు పోశారు అని మాత్రం అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకు ఎనిమిది ప్రాణాలు పోయాయి.

రాళ్లన్నీ తీసి పారేశాను. చేప మళ్లీ టబ్బులోకి. ట్యాంకు, సంప్ వెనిగర్ నీళ్లతో తుడిచి, కొత్త డ్రై రాక్ (ఆక్వేరియంలో వాడే ఎండు రాయి) 14 కిలోలు పెట్టి, రాగిని పీల్చుకునే సీకెమ్ వాళ్ల కుప్రిసార్బ్ సంచిలో కట్టి సంప్‌లో వేశాను. మొదటి సంచి కొన్ని వారాలకు నీలంగా మారింది, అంటే ఇంకా రాగి వస్తోందన్నమాట. రెండో సంచి రంగు మారలేదు. అప్పుడు ఒక్క నత్తను వదిలి పది రోజులు చూశాను. అది అద్దం ఎక్కి నాచు గీకుతుంటే మా అమ్మాయి కుర్చీ వేసుకుని దాని ముందే కూర్చుంది.

నీళ్ల విషయంలో మియాపూర్‌లో మా బోరు నీళ్ల టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల లెక్క) 700 పైనే. ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు వాడొచ్చనుకున్నాను. అందులో రుచి కోసం కొన్ని ఖనిజాలు ఉంచేస్తారు, నా మీటర్లో 70 వచ్చింది, ఆ నెల గోధుమరంగు నాచు తెరలా కమ్మేసింది. మిగిలిన ఖనిజాలను కూడా లాగేసే డీఐ రెసిన్ ఫిల్టరు విడిగా పెట్టాక సున్నా వస్తోంది. వారానికి 25 లీటర్లు మారుస్తాను, అంటే కిలోకి కాస్త తక్కువ ఉప్పు.

హైదరాబాద్‌లో అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలలు. మొదటి వేసవిలో నీళ్లు 31 డిగ్రీలు దాటాయి. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేప పైకి వచ్చి గబగబా శ్వాస తీసుకోవడం చూసి భయపడ్డాను. మూత తీసి నీళ్ల మీదుగా రెండు చిన్న ఫ్యాన్లు పెడితే రెండు మూడు డిగ్రీలు దిగింది, కానీ రోజుకు నాలుగు లీటర్లు ఆవిరవుతోంది. నీళ్లను చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనలేదు. ఒక వేవ్‌మేకర్‌ను మాత్రం ఇన్వర్టర్‌కు కలిపాను, కరెంటు పోయినప్పుడు నీళ్లు కదులుతూ ఉంటే చాలు.

పగడాలు పెట్టవా అని చూసినవాళ్లంతా అడుగుతారు. పెట్టను. మన సముద్రంలోని రాతి పగడాలను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతోంది, వాటిని తీయడం, అమ్మడం నేరం. చట్టం లేకపోయినా మన్నార్ సింధుశాఖలోని పగడం నా హాల్లో ఉండాల్సిన అవసరం లేదు. క్లౌన్ చేపలు అలా కాదు, వాటిని హ్యాచరీలో పుట్టించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) మన దేశంలోనే రూపొందించింది. అడిగి మరీ హ్యాచరీ చేపే తెచ్చుకోండి.

నేను తెచ్చిన రెండోది కూడా అలాంటి చిన్న పిల్లే. వీటిల్లో పెద్దదే ఆడది అవుతుంది, కాబట్టి మా పాతదే పెత్తనం చేసింది. మొదటి వారం తరిమింది, తర్వాత రెండూ ఒకే మూలన పడుకోవడం మొదలుపెట్టాయి. కిందటేడు రాయి పక్కన నారింజ రంగు గుడ్లు పెట్టింది. మగది పగలంతా రెక్కలతో వాటికి నీళ్లు విసురుతూనే ఉంది. పిల్లల్ని పెంచే ఏర్పాటు నా దగ్గర లేదు, ఒక్కటీ దక్కలేదు, అది నాకు బాధగానే ఉంది. ఆ పిల్లలకు మేతగా వేసే రోటిఫర్లు అనే సూక్ష్మజీవులను పెంచడం నేర్చుకుంటున్నాను.

ఖర్చు చెప్పాలంటే 18 వేల మీద ఇంకో 46 వేలు పెట్టాను, అందులో రాగి వల్ల పోయిందే 12 వేలు. అవే కొత్తవి కొనుంటే ఇంకా ఎక్కువే అయ్యేది, కానీ అంత ఎక్కువేం కాదు. మిగిలిన ఒక్క లోపం ట్యాంకు నీళ్లు సంప్‌లోకి దిగే ఓవర్‌ఫ్లో పైపు. రాత్రిళ్లు గుడగుడమని శబ్దం చేస్తుంది, గేట్ వాల్వ్ పెడితే తగ్గుతుందంటున్నారు, వచ్చే నెల నీళ్లు మార్చేటప్పుడు పెట్టి చూస్తాను.