పరీక్షల తర్వాత పిల్లలతో ఎనిమిది రోజులు: కొండ మీద హోటల్, సముద్రం దగ్గర ఇల్లు

చివరి పరీక్ష రాసొచ్చిన మర్నాడే మాత్రం ప్రయాణం పెట్టుకోకండి. రెండేళ్ల కిందట మా అమ్మాయి పరీక్షలయ్యాక మేం అదే చేశాం. తెల్లవారుజామున ఐదింటికి లేపి బండెక్కిస్తే దారి పొడవునా నిద్రే, మొదటి రెండు రోజులు ఏం చూశామో దానికి ఇప్పుడు గుర్తే లేదు. ఈసారి ఇద్దరికీ పరీక్షలే, అమ్మాయికి పదహారు, అబ్బాయికి పదమూడు. అయ్యాక నాలుగు రోజులు వాళ్లిష్టానికి వదిలేశాం. కంటినిండా నిద్రపోయారు, స్నేహితుల్ని కలిసొచ్చారు, ఐదో రోజు బ్యాగులు కూడా వాళ్లే సర్దుకున్నారు.

ఫలితాలు ఎప్పుడొస్తాయో, పై చదువుల అడ్మిషన్లు ఎప్పుడు మొదలవుతాయో తేదీలు మారుతూనే ఉంటాయి కాబట్టి, కాస్త ఎక్కువైనా రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కిచ్చే బుకింగులే తీసుకున్నాం. ఈ ఒక్క పనితో సగం టెన్షన్ పోయింది.

ముందు మూడు రోజులు కొండ ఊరు. సుమారు రెండు వేల మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు 6.5 డిగ్రీలు తగ్గుతుందని చెప్పినా అబ్బాయి స్వెటర్ వద్దన్నాడు, రాత్రికల్లా నాదే లాక్కుని వేసుకున్నాడు. చల్లగా ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానేయకండి, ఎత్తుకు వెళ్లేకొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత పెరుగుతుంది. అమ్మాయి ముక్కు మొదటి రోజే ఎర్రగా కమిలిపోయింది.

ఊరు బాగుంది, హోటలే బాధపెట్టింది. ఫ్యామిలీ రూమ్ అని చూపించినదాంట్లో ఒక డబుల్ బెడ్, చుట్టి గోడకి నిలబెట్టిన పరుపు ఒకటి! నలుగురికీ ఒకటే బాత్రూమ్. పన్నెండు దాటితే పెద్దవాళ్ల లెక్కే అని ఇద్దరికీ అదనంగా కట్టించుకున్నారు, అది బుకింగప్పుడు ఎక్కడా కనపడలేదు. పొద్దున తొమ్మిదికి చేరితే గది రెండింటికిగానీ ఇవ్వలేదు. పదహారేళ్ల పిల్ల బట్టలు మార్చుకోవడానికి ప్రతిసారీ మిగతావాళ్లని బయటికి పొమ్మనాల్సి రావడం దానికెంత ఇబ్బందో నాకు అక్కడే అర్థమైంది. ఫోన్ చేసి అడగండి: మంచమా పరుపా, ఎన్ని బాత్రూములు, ఏ వయసు నుంచి అదనం, సామాను ముందే పెట్టుకోనిస్తారా.

అక్కడ బాగా నచ్చింది గైడ్‌తో అడవిలో నడక. ఆయన ఒక ఆకు నలిపి చేతికిచ్చి ఇదేంటో వాసన చూసి చెప్పండి అనేవాడు. రెండు గంటలపాటు ఇద్దరూ ఫోన్ బయటికి తీయలేదు, మేం తీయొద్దని అననూ లేదు.

సముద్రం దగ్గర హోటల్ కాకుండా రెండు పడగ్గదులున్న ఇల్లు తీసుకున్నాం. టీనేజీ పిల్లలుంటే నా ఓటు ఇల్లుకే, మరో ఆలోచన లేదు. ఆ వయసులో నిద్ర తెచ్చే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది, పైగా వాళ్లకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. హోటల్లో టిఫిన్ వేళ దాటిపోతుందని రోజూ లేపాల్సి వచ్చేది. ఇక్కడ పదింటికి లేచి వాళ్లే ఏదో ఒకటి చేసుకుని మెట్లమీద కూర్చుని తినేవాళ్లు. గదులు తుడవడానికి ఎవరూ రారు, గిన్నెలు మనమే కడుక్కోవాలి, అంతే లోటు.

లైఫ్‌గార్డులున్న తీరమే చూసుకున్నాం. వెనక్కి లాగే ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకుండా, దాని పట్టు తప్పేదాకా ఒడ్డుకి సమాంతరంగా ఈదాలని వాళ్లే పిల్లలకి ఇసుకలో గీసి చూపించారు. మేం ఎన్నిసార్లు చెప్పినా అంత శ్రద్ధగా వినేవాళ్లు కాదు.

ప్లాన్ వేసేటప్పుడే ఒక్కో రోజు ఒక్కొక్కరిదని పంచుకున్నాం. అమ్మాయి తన రోజుని గంటల లెక్కన రాసుకుంది. అబ్బాయి మాత్రం ఏడో రోజు తీసుకుని, ఆ రోజు ఎక్కడికీ వెళ్లొద్దన్నాడు. ఇంత దూరం వచ్చి రోజంతా ఊరికే కూర్చోవడమేంటని మావారు అన్నారు, నాకూ అలాగే అనిపించింది, కానీ మాటిచ్చాం కదా. సాయంత్రం వాడే వచ్చి నడుద్దామా అమ్మా అన్నాడు. ఒడ్డున చాలాదూరం వెళ్లాక, లెక్కల పేపర్లో చివరి రెండు ప్రశ్నలు వదిలేశానని చెప్పాడు. ఆ పరీక్ష అయి రెండు వారాలు దాటింది, అప్పటిదాకా ఇంట్లో ఎవరితోనూ అనలేదు.