మధ్యాహ్నం మూడింటికి మిగిలే ఓపిక

ఇప్పటికి మూడు పెద్ద థీమ్ పార్కులు చూశాం: ఫ్లోరిడాలో మ్యాజిక్ కింగ్‌డమ్, జపాన్‌లో టోక్యో డిస్నీల్యాండ్, నెదర్లాండ్స్‌లో ఎఫ్టెలింగ్. పేరు చెప్పదలుచుకోనివి ఇంకో రెండున్నాయి. ఏది బాగుందని ఎవరైనా అడిగితే రైడ్ల గురించి చెప్పడం మానేశాను. రైడ్లు అన్నిచోట్లా బాగానే ఉంటాయి, మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతాయి కూడా. మిగతా పది గంటలూ మనం గడిపేది జనంతో. అందుకే హోటలైనా, పాస్ అయినా, పార్కైనా నేను చూసేది ఒక్కటే, మధ్యాహ్నం మూడింటికి మా ఇంటిల్లిపాదిలో ఎంత ఓపిక మిగిలింది అని.

ముందు నా తప్పు చెప్పేస్తాను. పేరు చెప్పనన్న ఆ రెండింటిలో ఒకచోట, బోర్డు మీద డెబ్భై నిమిషాలని రాసి ఉన్న లైన్లో నిలబడ్డాం. మా ముందు ఒక కుర్రాడు ఒక్కడే ఉన్నాడు, ఫోన్ చూసుకుంటూ బుద్ధిగా జరుగుతున్నాడు. ఇంకో పది నిమిషాల్లో ఎక్కుతామనగా వెనకనుంచి తొమ్మిది మంది, కూల్‌డ్రింకులు పట్టుకుని, తాళ్ళ కింద నుంచి దూరి, "మా వాడు ముందున్నాడు" అంటూ వచ్చి వాడి పక్కన చేరారు. నేను ఊరుకోలేదు. గట్టిగానే అన్నాను, నా గొంతు నాకే బాగా వినిపించేంత గట్టిగా. మా అమ్మాయి సిగ్గుతో తల దించుకుంది. వాళ్ళేమో నవ్వి ఊరుకున్నారు. సరే, అయిపోయింది.

తర్వాతి రైడ్ లైన్లో సగం దూరం వచ్చాక మా బాబు బాత్రూమ్ అన్నాడు. మా ఆయన వాణ్ణి తీసుకెళ్ళి, తిరిగి వస్తూ నలభై మందిని దాటుకుంటూ, ఒక్కొక్కరికీ సారీ చెబుతూ మా దగ్గరికి చేరాడు. ఆ నలభై మందీ ఆయన వైపు చూసిన చూపు ఉందే, గంట క్రితం నా మొహంలో ఉన్నది అదే.

అప్పటి నుంచీ నాకు ఒక లెక్క కుదిరింది. లైన్లో అందరితో పాటు నిలబడ్డవాడు పిల్లాడి కోసం వెళ్ళి తిరిగి రావడం వేరు, అసలు నిలబడనివాళ్ళు తొమ్మిది మంది ఒక్కడి పేరు చెప్పి చేరడం వేరు. మొదటిదానికి కూడా ఒక పద్ధతుంది: వెళ్ళేటప్పుడే వెనకవాళ్ళకి "బాబుని తీసుకెళ్తున్నాను, మళ్ళీ వస్తాను" అని చెప్పి వెళ్ళాలి. ఈ ఒక్క మాట చెబితే తిరిగొచ్చేటప్పుడు వాళ్ళే పక్కకి జరిగి దారిస్తారు, మేం చాలాసార్లు చూశాం. రెండోదాన్ని చాలా పార్కులు రూల్స్‌లోనే వద్దంటాయి, బయటికి పంపే అధికారం కూడా వాళ్ళకుంటుంది. మనం అరవక్కర్లేదు, లైను మొదట్లోనో చివర్లోనో ఉన్న స్టాఫ్‌కి చెప్తే చాలు. నేను ఆరోజు చెయ్యాల్సింది అదే.

ఎదురుచూపు మీద 1985లో డేవిడ్ మైస్టర్ అనే ఆయన చెప్పిన విషయాలు కొన్ని ఇక్కడ బాగా పనికొస్తాయి. చేతిలో ఏ పనీ లేని ఎదురుచూపు ఎక్కువసేపు అనిపిస్తుందట, ఎంతసేపో తెలియనిదీ అంతే, అన్యాయం జరిగిందనిపించేదీ అంతే. లైన్లో గోడల మీద బొమ్మలు, బటన్లు, వీడియోలు పెట్టేది మొదటిదాని కోసమే. బోర్డు మీద నిమిషాలు రాసేది రెండోదాని కోసం. మూడోదానికి మాత్రం గోడ మీద ఎన్ని బొమ్మలు పెట్టినా మందు లేదు, ముందున్నవాడు మనలాగే నిలబడి వచ్చాడా లేదా అన్నదే అక్కడ లెక్క. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఒకసారి లైను మొదట్లో ఉన్న అమ్మాయి మా బాబు మెడలో ఎర్ర తాడు కార్డు వేసి, రైడ్ దగ్గర ఇచ్చెయ్యమంది. మనం ఎంతసేపు నిలబడ్డామో లెక్కగట్టి బోర్డు మీద టైము మార్చడానికి అది. వాడికి అదొక పెద్ద ఉద్యోగమైపోయింది. ఆ లైను మొత్తంలో వాడు ఒక్కసారి కూడా "ఇంకెంతసేపు" అని అడగలేదు.

డబ్బు కట్టి ముందు వెళ్ళే లైన్ల దగ్గరే ఇప్పుడు ఎక్కువ గొడవలు. అమెరికా డిస్నీ పార్కుల్లో 1999 నుంచి, మామూలు లైను తప్పించుకుని వెళ్ళే ఫాస్ట్‌పాస్ ఉచితంగా ఉండేది. 2021లో దాన్ని తీసేసి, డబ్బు కట్టే లైట్నింగ్ లేన్ పెట్టారు. మామూలు లైనూ, డబ్బు లైనూ కలిసే చోట ఒక స్టాఫ్ నిలబడి, అటు నుంచి ఇంతమందిని, ఇటు నుంచి అంతమందిని వదులుతాడు. మామూలు లైన్లో ఉన్నప్పుడు ఆ మనిషి మనకి విలన్‌లా కనిపిస్తాడు, నిజానికి ఆ నిష్పత్తి అతను పెట్టింది కాదు. మేం రెండు లైన్లలోనూ నిలబడ్డాం. ఒకే ఒక్క రోజు ఉండి, జనం బాగా ఉన్న సీజన్ అయితే డబ్బు పెట్టి కొనడమే మంచిదని నా అభిప్రాయం, ముఖ్యంగా పెద్దవాళ్ళతో వెళ్తే. రెండు మూడు రోజులుంటే అక్కర్లేదు, పొద్దున్నే వెళ్తే సరిపోతుంది. కొన్నవాళ్ళకి ఒక్క మాట: గంటసేపు నిలబడ్డవాళ్ళ పక్కనుంచి వెళ్ళేటప్పుడు కేకలు వేస్తూ, చేతులూపుతూ వెళ్ళకండి. మా అమ్మాయి ఒకసారి అలా ఊపింది, తర్వాతి రైడ్‌కి పాస్ లేక మామూలు లైన్లో నిలబడ్డప్పుడు దానికి ఇంకెవరో ఊపారు.

ఇక బస. మొదటిసారి డబ్బు మిగులుతుందని పార్కుకి దూరంగా ఒక హోటల్ తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది, మంచం బాగుంది, కానీ బస్సు ముప్పావు గంటకొకటి, దారిలో ఇంకో మూడు హోటళ్ళ దగ్గర ఆగి జనాన్ని ఎక్కించుకుంటుంది. పొద్దున్న పార్కు గేటు చేరేసరికే అందరి మొహాలూ వాడిపోయి ఉండేవి. మధ్యాహ్నం గదికి వెళ్ళి కాసేపు నడుం వాల్చే వీలు లేదు. మూడింటికల్లా పిల్లాడు ఏడుపు, అత్తయ్యకి మోకాళ్ళు, నాకు అందరి మీదా చిరాకు. నేను ఆ తొమ్మిది మంది మీద అరిచింది ఆ ట్రిప్పులోనే, అది కూడా మూడు గంటల ప్రాంతంలోనే.

రెండోసారి ఫ్లోరిడా వెళ్ళినప్పుడు కాంటెంపరరీ హోటల్‌లో దిగాం. మోనోరైల్ దాని లోపలి నుంచే వెళ్తుంది, అక్కడి నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్‌కి నడిచి కూడా పది నిమిషాల్లో వెళ్ళొచ్చు. ఖర్చు మాత్రం బాగా ఎక్కువ, అందుకే రెండే రాత్రులున్నాం. అక్కడి డిస్నీ హోటళ్ళలో ఉన్నవాళ్ళని పార్కు తెరవడానికి అరగంట ముందే లోపలికి వదులుతారు. ఆ అరగంటలో రెండు రైడ్లు అయిపోయాయి. పన్నెండున్నరకి గదికి వచ్చేసి, తిని, పడుకుని, నాలుగింటికి మళ్ళీ వెళ్ళాం. జనం అంతేమంది, ఎండ అంతే, లైన్లూ అంతే. కానీ ఆ రోజు స్ట్రోలర్ (పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి) ఒకటి నా మడమకి గట్టిగా తగిలితే వెనక్కి తిరిగి "పర్లేదండీ" అన్నాను. మా ఆయన నన్ను వింతగా చూశాడు.

స్ట్రోలర్లంటే గుర్తొచ్చింది. 2019 నుంచి అమెరికా డిస్నీ పార్కుల్లో 31 అంగుళాల కంటే వెడల్పున్న స్ట్రోలర్లని రానివ్వడం లేదు, లాగే వ్యాగన్లని కూడా. 2015లో సెల్ఫీ స్టిక్కులు నిషేధించారు. మంచిపనే. కానీ కొలిచి ఆపగలిగిన వస్తువుల మీదే రూలు పనిచేస్తుంది. దారి మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయి ఫోన్‌లో మ్యాప్ చూసుకునే మనిషిని ఏ రూలు ఆపుతుంది? ఒక అడుగు పక్కకి జరిగి చూసుకోవచ్చు కదా. చీకటి రైడ్‌లో ఫ్లాష్ కొట్టేవాళ్ళ గురించైతే ఇక మాట్లాడను.

ఎక్కేటప్పుడు చేసే ఆలస్యం గురించి మాత్రం చెప్పాలి, ఇది నాకు చాలా లేటుగా అర్థమైంది. రోలర్ కోస్టర్ ట్రాకు ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ముందు ముక్క ఖాళీ అయితే తప్ప వెనక బండి కదలదు, అది భద్రత కోసం. స్టేషన్లో ఉన్న బండి వెళ్ళకపోతే వెనక వచ్చిన బండి బయటే ఆగిపోతుంది. ఇరవై నాలుగు మంది పట్టే బండి నిమిషానికొకటి వెళ్తే గంటకి 1,440 మంది ఎక్కుతారు. అదే తొంభై సెకన్లకొకటి వెళ్తే 960 మందే. అంటే బ్యాగు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటూ, సీటు నాకా నీకా అనుకుంటూ, బెల్టు పెట్టుకున్నాక ఇంకో ఫోటో అంటూ ప్రతి బండికీ అరనిమిషం తిన్నామంటే గంటలో 480 మంది ఎక్కకుండా వెనకే ఉండిపోతారన్నమాట. ఇది తెలిశాక మా ఇంట్లో ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో లైన్లోనే తేల్చుకుంటున్నాం. గొడవలు లైన్లోనే అవుతున్నాయనుకోండి, అది వేరే సంగతి.

దీన్నే తిరగేసి చూస్తే, ఒక్కోసారి రైడ్ నెమ్మదించేది వీల్‌చైర్‌లో వచ్చినవాళ్ళని ఎక్కించడానికి. మా అత్తయ్య కోసం ఒకచోట వీల్‌చైర్ అద్దెకి తీసుకున్నాం. అది లోపల ఎక్కడికైనా వెళ్ళడానికి బాగా పనికొచ్చింది, కానీ వీల్‌చైర్ ఉన్నంత మాత్రాన లైన్ తప్పుతుందనుకోకండి, చాలా లైన్లు వీల్‌చైర్ పట్టేంత వెడల్పుగానే కడుతున్నారు. ఆవిడ ఎక్కడానికి రెండు నిమిషాలు పట్టింది. వెనక నుంచి ఎవరో పెద్దగా నిట్టూర్చారు. ఆవిడకి ఆ నిట్టూర్పు వినిపించింది, ఆ తర్వాత రెండు రైడ్లు "మీరెళ్ళండి, నేను కూర్చుంటా" అని ఎక్కనేలేదు. చూడ్డానికి ఏ లోపమూ కనిపించని వాళ్ళకి కూడా అవసరాలుంటాయి. గతంలో ఇలాంటివాళ్ళు లైన్లో ఎక్కువసేపు నిలబడకుండా ఇచ్చిన పాస్‌ని కొందరు దుర్వినియోగం చెయ్యడం వల్లే 2013లో డిస్నీ అమెరికా పార్కుల్లో దాన్ని తీసేసి, తిరిగి రావలసిన టైము ఇచ్చే కొత్త పద్ధతి పెట్టింది. నిజంగా అవసరమున్నవాళ్ళు దానివల్ల ఇబ్బంది పడ్డారు.

టోక్యోలో నాకు బాగా నచ్చింది పరేడ్. ముందు వరసలవాళ్ళు కింద కూర్చోవాలి. సన్నటి షీట్లు పరుచుకుని ముందే కూర్చుంటారు, వెనకవాళ్ళు నిలబడతారు, స్టాఫ్ వచ్చి ఆఖరి నిమిషంలో కూడా సర్దుతారు. అంతే, మా బాబుకి ఎవరి తలా అడ్డం రాలేదు, భుజాల మీదకి ఎత్తుకోవాల్సిన పనే పడలేదు. వేరేచోట గంటసేపు కాపు కాసి నిలబడ్డాక, సరిగ్గా పరేడ్ మొదలయ్యేటప్పుడు ముందున్నాయన కూతుర్ని భుజాలకెత్తుకుంటే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకి తెలుస్తుంది. అక్కడి జనం మనకంటే మంచివాళ్ళని ఇక్కడ తేల్చెయ్యడం నాకిష్టం లేదు. చెప్పడానికి మనిషిని పెట్టారు, ఆ మనిషి చిరునవ్వుతో చెబుతాడు, అందరికీ ఒకేలా చెబుతాడు. ముందు వరస కూర్చుంటే వెనకవాళ్ళందరికీ కనిపిస్తుందన్నది కళ్ళ ముందే తెలిసిపోతుంది కాబట్టి ఎవరూ వాదించరు.

ఎఫ్టెలింగ్ 1952లో మొదలైన పార్కు, చెట్ల మధ్య కథల బొమ్మలతో ఉంటుంది. అక్కడ నోరు తెరిచిన లావుపాటి బొమ్మ ఆకారంలో చెత్తబుట్టలున్నాయి, కాయితం ఇటివ్వండి అని అరుస్తూ ఉంటాయి, దగ్గర పెడితే గాలితో లోపలికి లాగేసుకుంటాయి. పిల్లలు చెత్త కోసం వెతుక్కుంటూ తిరుగుతారు. మావాడు ఎవరో పడేసిన కాయితాలు ఏరుకొచ్చి మరీ తినిపించాడు, అవి అయిపోతే నా బ్యాగులోని బిల్లులు అడిగాడు. రైడ్ల సంగతి ఎలా ఉన్నా, చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకి నేను మొదట చెప్పేది ఈ పార్కే. కూర్చోడానికి నీడ ఉంది, అది చాలు.

రైడ్ ఆగిపోయినప్పుడు స్టాఫ్ మీద పడిపోవడం మాత్రం ఏ పార్కులో చూసినా నాకు బాధేస్తుంది. ఎవరో సెన్సర్ దగ్గర చెయ్యి బయట పెట్టినా బండి ఆగేలా కడతారు. ఎప్పుడు మొదలవుతుందో అక్కడ నిలబడ్డ ఇరవై ఏళ్ళ స్టాఫ్ అమ్మాయికి కూడా తెలీదు. ఒకచోట ఒకాయన ఆ అమ్మాయిని ఏడిపించినంత పని చేస్తే, వెనకున్న ముసలాయన ముందుకొచ్చి ఆమెతో "మంచినీళ్ళు తాగావా అమ్మా" అని మాత్రం అన్నాడు. అరిచినాయన గొంతు తగ్గిపోయింది.

మొదటి ట్రిప్పులో చివరి రాత్రి ఆ దూరపు హోటల్ బస్సులో అత్తయ్యకి ఒకాయన లేచి సీటిచ్చాడు. భుజం మీద నిద్రపోతున్న పిల్లాడితో నిలబడ్డాడు పాపం. ఆవిడకి ఆయన భాష రాదు, ఆయనకి ఈవిడ భాష రాదు, చేతులు చాచి ఆ పిల్లాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. మా స్టాప్ వచ్చింది. లేవమంటే పిల్లాడు లేస్తాడని ఆవిడ కదల్లేదు. వాళ్ళ హోటల్ దాకా వెళ్ళి, వాణ్ణి తండ్రి చేతిలో పెట్టి, తిరిగి నడుచుకుంటూ వచ్చాం, ఆవిడ మోకాళ్ళతో, పావుగంట. మా ఆయన ఏమీ అనలేదు. అప్పటికి ఆయనకి మాట్లాడే ఓపిక కూడా లేదు.