లాక్ తీయకుండా నోటితో ఫోను వాడటం: రేకుల పొయ్యి దగ్గర చాన్నాళ్ళు వాడాక

ముందే చెప్పేస్తున్నా, కెమెరా ఎలా ఉంది, ఎన్ని జీబీ, గేమ్స్ ఆడితే వేడెక్కుద్దా ఇవన్నీ నన్ను అడక్కండి, వాటికి వేరే రివ్యూలు బోలెడున్నాయి. కంపెనీ పేరు కూడా రాయట్లేదు, ఎందుకంటే కింద కాస్త తిట్టేది ఉంది, అదీగాక ఈ సంగతి ఒక్క కంపెనీ ఫోనుకే కాదు. నేను రాసేది ఒకే ఒక్క దాని గురించి, ఫోను లాక్‌లో ఉండగానే, చెయ్యి పెట్టకుండా, దూరం నుంచి పిలిచి పని చేయించుకోవడం.

మాది ఆత్రేయపురం పక్కన ఊరండి. ఊరి పేరు వినగానే మీకు అర్థమైపోయి ఉంటది, ఇంట్లో పూతరేకులు చేస్తాం. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చింది కదా, దాని వల్లో లేక వాట్సాప్ వల్లో తెలీదు గాని బయటూళ్ళ నుంచి ఫోన్లు మాత్రం ఎక్కువయ్యాయి. ఒకళ్ళు బెల్లం అంటారు, ఒకళ్ళు పంచదార అంటారు, ఇంకొకళ్ళు డ్రైఫ్రూట్ వేసి నెయ్యి తక్కువెయ్యండి అంటారు (నెయ్యి తక్కువేసి పూతరేకు తినడం దేనికో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు). ఈ ఫోన్లన్నీ సరిగ్గా రేకులు తీసే టైముకే వస్తాయి.

రేకు తీయడం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట, పక్కన గిన్నెలో పలచగా జారుగా ఉండే బియ్యప్పిండి, పలచటి గుడ్డని రెండు చేతుల్తో పట్టుకుని పిండిలో ముంచి కుండ మీద పరిచి ఒక్క లాగు లాగాలి, రెప్ప వేసేలోపు రేకు కడతది, దాన్ని చిరక్కుండా వేళ్ళతో లేపి పక్కన పెట్టాలి, మళ్ళీ గుడ్డ ముంచాలి. మధ్యలో ఆగితే మంట తేడా వచ్చేస్తది, కుండ మరీ కాలిపోతే రేకు మాడుద్ది, చల్లారితే అంటుకుంటది. రెండు చేతులూ పిండే. ఇంక ఫోను ఎక్కడ ముట్టుకుంటాం.

పైగా నా వేలిముద్ర ఫోను గుర్తు పట్టదు. ఇన్నేళ్ళుగా కుండ మీద వేడి రేకులు లేపీ లేపీ వేళ్ళ కొసలు నున్నగా అయిపోయాయి, దానికి తోడు పొద్దున్నుంచీ తడిలో నాని ముడతలు పడి ఉంటాయి, సెన్సార్ మీద ఎంత నొక్కినా ఒణికి ఊరుకుంటది. ముఖంతో తీద్దామంటే నెత్తికి తువ్వాలు, ముందు మంట, చుట్టూ పొగ, అది నన్ను మనిషిగా కూడా లెక్కపెట్టదు. ఇంక మిగిలింది అంకెలు కొట్టడం, తడి వేలితో అంకెలు కొడితే ఏమవుద్దో అందరికీ తెలిసిందే.

అందుకే ఈ నోటి ఫీచర్ దొరికిన రోజున నాకు ప్రాణం లేచొచ్చింది. మా పెద్దమ్మాయి సెలవులకి వచ్చినప్పుడు నా గొంతు నేర్పించి పెట్టింది, పిలుపు మాట రెండు మూడు సార్లు చెప్పించుకుంది, అంతే. ఫోనేమో కిటికీ గట్టు మీద చార్జింగులో, నేనేమో పొయ్యి దగ్గర పీట మీద. తీసిన రేకులు చుట్టడానికి ఒక పిన్ని వస్తారు, ఆవిడే చుట్టే పిన్ని. "చుట్టే పిన్నికి స్పీకర్‌లో కాల్ చెయ్" అంటే చాలు, లాక్ లాక్‌లాగే ఉండి కాల్ వెళ్ళిపోద్ది. "పావుగంటకి టైమర్ పెట్టు" అన్నా పెడతది, పొద్దున్నే నాలుగింటికి లేపమన్నా లేపుద్ది, వాన పడుద్దా అంటే చెప్పుద్ది. ఒక్క పిలుపుకే పలుకుద్ది. తెలుగులో పలకడం ఇంకా బాగుంది, నా యాసకి కూడా పెద్దగా తడబడలేదు. ఒక్క చిక్కేంటంటే ఇంగ్లీషు అక్షరాల్లో సేవ్ చేసిన పేర్లు సరిగ్గా పట్టుకునేది కాదు, పిల్ల కూర్చుని రోజూ మాట్లాడేవాళ్ళందరి పేర్లూ తెలుగులోకి మార్చేసింది, "పార్సిల్ బాబాయ్", "నెయ్యి అన్నయ్య", "పెళ్ళిళ్ళ మేడం" అని, అప్పట్నుంచీ తప్పు నంబరుకి వెళ్ళడం బాగా తగ్గింది.

ఒక్క పిలుపుకే అన్నానా, అది ఎండాకాలం మాట లెండి. గ్రైండర్ ఆడుతుంటే పలకదు. షెడ్డు రేకుల మీద వాన పడుతుంటే గొంతు చించుకోవాలి. టీవీలో ఎవరో ఆ పిలుపు మాటలా వినిపించే మాట అంటే మాత్రం దానంతట అదే లేచి "చెప్పండి" అంటది.

ఇంకోటి, కాల్ చేస్తది గాని కాల్ కట్ చెయ్యదు. నా ఫోనులో కాల్ నడుస్తున్నంతసేపూ అది చెవి మూసుకుంటది, ఎంత పిలిచినా వినదు. మా అమ్మాయి ఐఫోన్‌లో ఐఓఎస్ 16 (ఐఫోన్‌లో నడిచే సాఫ్ట్‌వేర్) నుంచి సిరితో, అంటే అందులో మన మాట వినేదానితో, కాల్ కట్ చేయించుకునే సెట్టింగ్ వచ్చిందంట, నా దాంట్లో లేదు. అందుకని నేను మాట్లాడే వాళ్ళందరికీ అలవాటైపోయింది, చివర్లో "మీరే పెట్టేయండి, నాకు చేతులు ఖాళీ లేవు" అంటా, వాళ్ళు నవ్వి పెట్టేస్తారు. పార్సిల్ బాబాయ్ మాత్రం మర్చిపోతాడు. ఫోను జేబులో పడేసుకుని బండెక్కి పోతాడు, ఇంక నేను రేకులు తీస్తూ రావులపాలెం బస్టాండులో కండక్టర్ల అరుపులూ, టీ కొట్టు దగ్గర ఆయన పేకాట కబుర్లూ స్పీకర్‌లో వింటూ కూర్చోవాలి. ఒకసారి నా పార్సిల్ ఇంకా బండికెక్కలేదని అలాగే తెలిసింది, ఆయనేమో ఎక్కేసిందని చెప్పాడు అంతకుముందే.

ఇక లాక్ గొడవ. కాల్ అంటే చేస్తది, మెసేజ్ చదవమంటే మాత్రం "ముందు ఫోన్ అన్‌లాక్ చేయండి" అంటది. ఎవరో పెళ్ళివాళ్ళు వాట్సాప్‌లో ఆర్డర్ మార్చి పెడతారు, టింగుమని శబ్దం వస్తది, అది చదివి పెట్టమంటే చదవదు. లాక్ స్క్రీన్ మీద వ్యక్తిగత విషయాలు చూపించాలా అని ఒక సెట్టింగ్ ఉంటది, అది ఆన్ చేసి చూసా, కొన్నిటికి పలికింది, వాట్సాప్‌కి మాత్రం నా ఫోను లాక్ తియ్యమనే అంటది. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత్తర్వాత, ఎదురుగా అరుగు మీద నలుగురు కొనేవాళ్ళు కూర్చుని ఉంటే, వాళ్ళ ముందు నా మెసేజులన్నీ గట్టిగా చదివేస్తే బాగోదు కదా అనిపించింది. ఒకళ్ళకి చెప్పిన రేటు ఇంకొకళ్ళు వింటే అదో తంటా. కాబట్టి దాని మీద ఇప్పుడు సగం కోపమే.

అసలు కోపం వేరే ఉంది.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదండీ. మా అత్తయ్య 1996 నవంబర్ తుపాను చూసిన మనిషి, కోనసీమలో కొబ్బరి చెట్లన్నీ పడిపోయిన తుపాను అది, ఏ గాలి వచ్చినా ఆవిడ దానితోనే పోలుస్తారు, "ఇదేం గాలమ్మా" అని పెదవి విరిచారు. ఆవిడకి గాలి కాకపోయినా మాకు కరెంటు పోయింది. గాలి తగ్గాక కూడా కరెంటు రాలేదు. ఒక పెళ్ళి ఆర్డర్ ఉంది, తేదీ మారదు, రేకులు తియ్యక తప్పదు. లోపల అటక మీద దాచిన ఆకులే కాస్త పొడిగా ఉన్నాయి, వాటితోనే పొయ్యి రాజేసి కూర్చున్నా. తుపాను గాలిలో తేమ మామూలుగా ఉండదు, తీసిన రేకు కాసేపటికే మెత్తబడిపోతది, తియ్యగానే చుట్టి డబ్బాలో మూత బిగించేయాలి. అంటే చుట్టే పిన్ని వెంటనే రావాలి.

కుండ మీద గుడ్డ పరిచి లాగబోతూ పిలిచా. పలకలేదు. సరే వినపడలేదేమో అని ఇంకాస్త గట్టిగా పిలిచా. పలకలేదు. వాన కూడా లేదు, గ్రైండర్ కూడా లేదు, ఊరంతా నిశ్శబ్దంగా ఉంది. మూడోసారి అరిచేసరికి ముందు గదిలోంచి అత్తయ్య "నన్నేనా ఏంటే" అన్నారు. "మిమ్మల్ని కాదత్తయ్యా, ఫోన్ని" అని అటు తిరిగి చెప్పేలోపు ఆకు మంట భగ్గుమంది, చేతిలో గుడ్డ కుండకి అంటుకుపోయింది. లాగితే సగం వచ్చింది, సగం కుండ మీదే మాడింది. కొత్త గుడ్డతో రేకు సరిగ్గా రాదు, వాడి వాడి మెత్తబడాలి, ఆ గుడ్డ అలా కుదిరిన గుడ్డ. కుండ దించి, మాడింది గోకి, నూనె రాసి రుద్ది మళ్ళీ ఎక్కించేసరికి ఎంత సేపయిందో, ఈలోపు తీసిన రేకులన్నీ మెత్తబడి చుట్టలు చుట్టుకున్నాయి.

చెయ్యి కొంగుకి తుడుచుకుని లేచి ఫోను దగ్గరికెళితే, వేలు పెడితే తెరవదు, అంకెలు కొడితే తడి వేలికి ఒకటి కొడితే నాలుగు పడతది, చివరికి 30 సెకన్లు ఆగి మళ్ళీ ప్రయత్నించండి అంది. చూడండి ఎంత మర్యాదో. పలకమన్నప్పుడు పలకని మనిషి ఇప్పుడు నాకు ఆగమని చెప్తోంది.

సంగతేంటో కరెంటొచ్చాక మా ఆడపడుచు కొడుకు చెప్పాడు, భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు లెండి. చార్జి ఒక హద్దు కన్నా కిందికి దిగగానే బ్యాటరీ సేవర్ దానంతట అదే ఆన్ అయింది, అది ఆన్ అయితే చాలా ఫోన్లలో పిలుపు మాట వినడం ఆపేస్తదంట. మామూలుగా ఫోను పడుకున్నా లోపల కొద్ది కరెంటుతో నడిచే చిన్న చిప్ ఒకటి ఆ ఒక్క పిలుపు మాట కోసమే చెవి ఒగ్గి ఉంటది, ఆ మాట వినపడ్డాకే మిగతా ఫోన్ని లేపి మనం చెప్పింది వినిపిస్తది. బ్యాటరీ సేవర్‌లో ఆ చెవినే మూసేస్తారు. తీసుకునేదే కొద్ది కరెంటు అంటున్నావు, మరి దాన్ని ఆపి ఏం మిగుల్చుకుంటారురా అని అడిగా. వాడి దగ్గర సమాధానం లేదు.

నా కడుపుమంట అది ఆపినందుకు కాదండి. ఆపుతున్నా అని చెప్పకుండా ఆపినందుకు. "చార్జి తక్కువుంది, ఇకనుంచి పిలిస్తే పలకను" అని ఒక్క ముక్క పైకి చెప్పి పడుకోవచ్చు కదా, నోరుంది కదా దానికి. తెర మీద బ్యాటరీ బొమ్మ రంగు మారుద్దంట. తెర చూసే తీరికుంటే నేను నోటితో ఎందుకు పిలుస్తాను. పైగా చార్జి తక్కువయ్యేదెప్పుడు, కరెంటు లేనప్పుడు. కరెంటు లేనిదెప్పుడు, మాకు గాలీ వానా వచ్చినప్పుడు. ఫోను అవసరం పడేదీ అప్పుడే.

ఇంకో చిన్న సంగతి, ఇది మంచో చెడో మీరే అనుకోండి. మా చిన్నమ్మాయి గొంతుకి కూడా అది పలుకుతోంది. దానికి గొంతు నేర్పించలేదు, నా గొంతే దానిది కూడా కాబోలు. ఓ రోజు నేను లేనప్పుడు లాక్ తియ్యకుండానే వాళ్ళ నాన్నకి కాల్ చేసి ఐస్‌క్రీమ్ తెప్పించుకుంది. మన గొంతులా ఉండే గొంతుకీ, రికార్డు చేసిన గొంతుకీ పలకొచ్చని ఆ సెట్టింగులోనే హెచ్చరిక రాసి ఉంటది, ఆడపడుచు కొడుకు చదివి చూపించాడు. ఆండ్రాయిడ్‌లో ఒకప్పుడు గొంతుతో లాక్ కూడా తీసే వీలుండేది, తర్వాత తీసేశారు, తీసేసి మంచి పనే చేశారు, లేకపోతే మా చిన్నది ఫోన్‌పే దాకా వెళ్ళేది.

తీసుకోమంటారా అంటే ఏం చెప్పను. నాలాగ రెండు చేతులూ పనిలో ఉండేవాళ్ళకి, రొయ్యల చెరువు మీద మేత చల్లేవాళ్ళకి, కుట్టు మిషను మీద కూర్చునేవాళ్ళకి ఇది లేకుండా ఫోను కొనద్దనే అంటా, అదీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే. మాకు లేదు. ఆఫీసులో ఏసీలో కూర్చునేవాళ్ళకి దీని అవసరమేంటో నాకు తెలీదు. మా ఆయనకైతే నేను ఫోనుతో మాట్లాడటం ఇప్పటికీ నవ్వులాటే, ఆయన పిలిస్తే మాత్రం ఫోను పలకదు, దానికి ఆయన గొంతు నేర్పించలేదు, నేర్పించమని నేనూ అనలేదు.

ప్రస్తుతానికి బ్యాటరీ సేవర్ దానంతట అది ఆన్ అవ్వకుండా సెట్టింగులో తీసేయించా. చార్జి గబగబా అయిపోతోంది, అవనీ. మంచి పవర్ బ్యాంకు ఒకటి తెప్పించా, అది కిటికీ గట్టు మీద ఫోను పక్కనే ఉంటది. సంక్రాంతి ఆర్డర్లు అయ్యేదాకా ఇదే ఫోను, ఆ తర్వాత చేతిలో డబ్బులు మిగిలితే, కాల్ కట్ చేసే ఫోను కొనాలో ఇన్వర్టర్ కొనాలో అప్పుడు చూడాలి. ఇన్వర్టరే అనుకుంటా.