కరెంటు పోతే ఇన్వర్టరా, జనరేటరా?

జనరేటర్ కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది "ఎన్ని కేవీఏ (జనరేటర్ సామర్థ్యపు కొలత) తీసుకోవాలి?" అని. అంతకంటే ముందు తేలాల్సినవి రెండున్నాయి: పోయిన కరెంటు ఎంతసేపటికి వస్తుంది, అది లేనప్పుడు కూడా మోటారు తిప్పక తప్పదా?

రెండు మూడు గంటల్లో వచ్చేస్తుందంటే జనరేటర్ జోలికే వెళ్లొద్దు, ఇన్వర్టర్ చాలు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు ఉంటాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని అడుగంటా పిండితే తొందరగా పాడవుతుంది. అందుకని వాడుకోదగ్గది 1000 దాకా అని లెక్కేసుకోండి. మూడు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు, ఒక రౌటర్ కలిసి 280 వాట్లు లాగితే మూడున్నర గంటలు వస్తుంది. పొగ లేదు, చప్పుడు లేదు, అర్ధరాత్రి లేచి తాడు లాగే పని లేదు. లిథియం బ్యాటరీ అయితే ఇంకా ఎక్కువ వాడుకోవచ్చు, ఎక్కువ ఏళ్లు వస్తుంది. కాకపోతే మొదట పెట్టే ఖర్చు ఎక్కువ.

అయితే ఇన్వర్టర్ కరెంటు పుట్టించదు, దాచుకున్నది ఇస్తుందంతే. ఖాళీ అయిన బ్యాటరీ నిండటానికి పది పన్నెండు గంటలు పడుతుంది. గాలివానకు స్తంభాలు పడిపోయి రెండు రోజులు కరెంటు రాకపోతే మొదటి రాత్రికే చేతులెత్తేస్తుంది. జనరేటర్ అవసరం అక్కడే మొదలవుతుంది.

మోటారు దగ్గర చాలామంది లెక్క తప్పుతుంది. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లే కదా అనుకుంటారు. అది మోటారు ఇచ్చే శక్తి, లాగేది వెయ్యి దాటుతుంది. స్టార్టయ్యే క్షణంలో మామూలుకంటే మూడు నుంచి ఆరు రెట్లు కరెంటు గుంజుతుంది. జనరేటర్ చిన్నదైతే ఆ క్షణంలో వోల్టేజి దబ్బున పడిపోతుంది: బల్బులు మిణుకుమంటాయి, ఫ్యాన్లు నీరసిస్తాయి, మోటారేమో గుమ్మని మూలుగుతుందే కానీ తిరగదు. అలా వదిలేస్తే వైండింగ్ (లోపలి తీగచుట్ట) కాలిపోతుంది. ఫ్రిజ్ కంప్రెసర్‌దీ ఇదే తంతు, కాస్త చిన్న మోతాదులో. మోటారును ముందు ఎక్కించి, మిగతావి తర్వాత ఒక్కొక్కటే వేస్తే కొంత చిన్న జనరేటర్‌తోనే నెట్టుకురావచ్చు.

అలాగని మరీ పెద్దది తేవడమూ తెలివైన పని కాదు. డీజిల్ జనరేటర్ రోజూ గంటల తరబడి, బరువైన లోడు మీద నడిచే చోటికి బాగుంటుంది. నాలుగు ఫ్యాన్ల కోసం దాన్ని తిప్పితే డీజిల్ సరిగా కాలక పొగగొట్టంలో నల్లటి జిడ్డు పేరుకుంటుంది. కేవీఏ అంకె చూసి మోసపోవద్దు. పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా వాట్లుగా పనికొచ్చే వంతు) 0.8 అయితే 5 కేవీఏకి చేతికొచ్చేది 4 కిలోవాట్లే.

పెట్రోల్‌లో రెండు రకాలు. మామూలు రకం 50 హెర్ట్జ్ (మన ఇళ్లకొచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీ) నిలబెట్టడానికి, ఒక్క బల్బు వెలిగినా నిండు లోడున్నా, సాధారణంగా నిమిషానికి 3000 చుట్లు తిరగాల్సిందే. ఇన్వర్టర్ జనరేటర్ లోడు తగ్గితే వేగం తగ్గించుకుంటుంది. పెట్రోలు కలిసొస్తుంది, మోత తగ్గుతుంది, కరెంటూ శుభ్రంగా వస్తుంది. మామూలు జనరేటర్ కరెంటును కొన్ని ఇంటి ఇన్వర్టర్లు ఒప్పుకోవు, ఛార్జింగ్ ఎక్కదు. ఇన్వర్టర్ జనరేటర్‌తో ఆ గొడవ చాలావరకు ఉండదు. లోపల బోర్డు పోతే మాత్రం రిపేరు ఖర్చు ఎక్కువే. గ్యాస్ జనరేటర్ శక్తి ఓ పదోవంతు తక్కువ, కానీ ఇంధనం ఏళ్ల తరబడి చెడిపోదు. పెట్రోలు కొన్ని నెలలకే పాతబడి కార్బ్యురేటర్‌కు పట్టేస్తుంది.

నన్నడిగితే చాలా ఇళ్లకు బ్యాటరీ ఇన్వర్టర్, పక్కన ఒక చిన్న ఇన్వర్టర్ జనరేటర్ సరైన జోడీ. పగలు దాన్ని తిప్పి ఫ్రిజ్ నడుపుతూ బ్యాటరీ నింపుకుంటే రాత్రి నిశ్శబ్దంగా గడుస్తుంది. మోటారు కూడా తిప్పాలంటే జనరేటర్ సైజు పెంచక తప్పదు.

ఏది కొన్నా రెండింటి దగ్గర రాజీపడొద్దు. జనరేటర్ ఆరుబయట, తలుపులకూ కిటికీలకూ కనీసం 6 మీటర్ల దూరంలో ఉండాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంటి వైరింగ్‌కు కలిపేది ఛేంజోవర్ స్విచ్ (లైన్ కరెంటు, జనరేటర్ కరెంటు రెండింట్లో ఒక్కటే ఇంటికి కలిసేలా చూసే స్విచ్) ద్వారానే. ప్లగ్గులో గుచ్చి ఎక్కిస్తే ఆ కరెంటు వెనక్కి లైన్లోకి వెళ్తుంది, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌ను కొడుతుంది.