రోజెట్టా శిల త్రీడీ మోడల్: మూడేళ్లు క్లాసులో తిప్పాక

రోజెట్టా శిల అంటే ఒకే శాసనాన్ని మూడు లిపుల్లో చెక్కిన పురాతన ఈజిప్టు రాయి. ఆ మూడు లిపులు, 1799లో దొరకడం, దాని సాయంతో షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు ఈజిప్టు బొమ్మల లిపిని చదవడం, ఇవన్నీ అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. త్రీడీ మోడళ్లు పెట్టే స్కెచ్‌ఫ్యాబ్ అనే వెబ్‌సైట్‌లో బ్రిటిష్ మ్యూజియం పెట్టిన దాని మోడల్‌ని మూడేళ్లుగా ఎనిమిదో తరగతికి చూపిస్తున్నాను, నిజం చెప్పాలంటే ఒకే ఒక్క పని కోసం: రాయిని పక్కకి తిప్పడానికి.

ఫొటోల్లో ఎప్పుడూ ముందువైపే చూస్తాం కదా. తిప్పితే ఎడమ అంచు మీద తెల్ల రంగుతో ఇంగ్లీషు రాత, 1801లో బ్రిటిష్ సైన్యం ఈజిప్టులో పట్టుకున్నదని. కుడి అంచు మీద మూడో జార్జి రాజు బహూకరించాడని. వెనక బెంచీ నుంచి ఒకడు "ఆయనకెవరిచ్చారు సార్?" అన్నాడు. పీరియడంతా దాని మీదే పోయింది, మన అమరావతి శిల్పాలు కూడా ఆ మ్యూజియంలోనే ఉన్నాయని చెప్పేసరికి బెల్లయింది.

ఇక ఫొటోలతో పనిలేదని ఆ రోజు స్టాఫ్ రూమ్‌లో గొప్పగా చెప్పాను. కాస్త తొందరపడ్డాను.

తర్వాతి ఏడాది టెస్టులో రాయి ఎంత ఉంటుందని అడిగితే సగం మంది "పలకంత" అని రాశారు! వాళ్ల తప్పేం లేదు, వేలితో అటూ ఇటూ తిప్పే వస్తువు చేతిలో పట్టేదే అనిపిస్తుంది, పైగా పక్కన మనిషి లేడు, వెనక గోడ లేదు. మ్యూజియం ఫొటోలో అయితే చుట్టూ జనం ఉంటారు, అడక్కుండానే సైజు తెలిసిపోతుంది. సుద్దముక్క, టేపు తెచ్చి గోడ మీద 112 సెంటీమీటర్ల ఎత్తు, 76 వెడల్పు గీశాను. మందం 28, దానికి నోటుబుక్కులు పేర్చాం. బరువు 760 కిలోలంటే ఎవరూ చలించలేదు, నలభై కిలోల లెక్కన 19 మందిని ఒక మూల కుప్పగా నిలబెట్టాక మాత్రం "ఓడెక్కించిందెలా సార్" అని మొదలుపెట్టారు.

ఇప్పుడు ముందు గోడ, తర్వాతే మోడల్. అక్షరాలు చూపించాలంటే దగ్గరగా తీసిన ఫొటో ప్రింటే వాడుతున్నా. ఇదంతా ఒక ప్రొజెక్టరు, నా ఫోన్ హాట్‌స్పాట్‌తో నడిచే బడి సంగతి, తలా ఒక ట్యాబ్ ఉన్నచోట ఎలా ఉంటుందో వాళ్లే చెప్పాలి. ఆ సుద్దగీత ఇంకా ఉంది, వేసవిలో సున్నం వేసేవాళ్లకి చెరపొద్దని చెప్పాలి.