గుట్ట లోపలి వేడి చూసే మూడు మీటర్ల కె-టైప్ రాడ్: కొనొచ్చా?

బొగ్గు గని వ్యర్థాల గుట్ట మీద వేడి చూడ్డానికి చాలామంది ముందు కొనేది ఇన్‌ఫ్రారెడ్ గన్, అంటే తాకకుండా దూరం నుంచే వేడి చూపే పరికరం. అది చూసేది పైపొరనే. రాయీ మట్టీ వేడిని చాలా నెమ్మదిగా పైకి పంపుతాయి కాబట్టి, వ్యర్థాల్లో మిగిలిన బొగ్గు రెండు మీటర్ల లోతున రాజుకుంటున్నా పైన ఏమీ తెలియదు. నివురుగప్పిన నిప్పే అది. మధ్యాహ్నం ఎండకు కాగిన నల్లరాయిని మాత్రం గన్ వేడిచోటుగా చూపిస్తుంది. అందుకే మూడు మీటర్ల కె-టైప్ థర్మోకపుల్ రాడ్, చేతిమీటరు ఉన్న సెట్టే కొనమంటాం. థర్మోకపుల్ అంటే రెండు వేరు లోహాల తీగలు కలిపిన సెన్సర్, వేడికి పుట్టే చిన్న వోల్టేజీని మీటరు డిగ్రీలుగా చూపిస్తుంది; కె-టైప్ అందులో ఒక రకం.

వెయ్యి డిగ్రీలు దాటినా కె-టైప్ చదవగలదు, అది దీని బలం. బలహీనత వైరు దగ్గర ఉంది. పొడవు చాలలేదని మామూలు రాగి వైరు అతికితే లెక్క తప్పుతుంది: అతుకు 50 డిగ్రీల నేల మీద, మీటరు 30 డిగ్రీల నీడలో ఉంటే రీడింగు 20 డిగ్రీలు తక్కువ వస్తుంది. కె-టైప్ వైరే వాడాలి. మీటరు దగ్గర ప్లస్సు, మైనస్సు తారుమారైతే వేడి పెరిగేకొద్దీ అంకె దిగుతుంది. కొత్త సెట్ రాగానే మొనను మరిగే నీళ్లలో ముంచండి, 100కి దగ్గరగా చూపాలి.

రాడ్‌ను సుత్తితో కొట్టి దించకూడదు. తీగల మీది లోహపు తొడుగు వంగి లోపలి ఇన్సులేషన్ పగులుతుంది. మొన మూసిన 25 మిల్లీమీటర్ల ఇనుప పైపును ముందు దించి, అందులోకి రాడ్ జార్చి, మూతిని తడి బంకమట్టితో మూసి, అంకె నిలకడగా ఆగేదాకా ఉండాలి. ఇరవై నిమిషాలు పట్టినా ఓపిక పట్టండి. ఒకటి, రెండు, మూడు మీటర్ల లోతుల్లో విడివిడిగా రాసుకోవాలి. చదునుగా తొక్కిన పైభాగం కన్నా వాలు, దాని పై అంచు ముఖ్యం. పైనుంచి పారబోసినప్పుడు పెద్ద రాళ్లు దొర్లి అడుగుకు చేరతాయి. ఆ సందుల్లోంచి గాలి దూరి వాలు వెంట లోపల పైకెక్కుతుంది.

ఒక్క రీడింగుతో తీర్పు చెప్పొద్దు. 70 డిగ్రీలు దాటి వారం వారం పెరుగుతుంటే నిప్పును ఆపే పని మొదలుపెట్టాలి. 100 దగ్గర అంకె ఆగిపోతే ఊరట చెందొద్దు, లోపలి తేమ ఆవిరవుతోందంతే. అది ఆరాక వేడి ఒక్కసారిగా లేస్తుంది.

పైపు పీకేశాక మిగిలిన రంధ్రాన్ని వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ తప్పు. అది పొగగొట్టంలా పనిచేసి నిప్పుకు గాలి అందిస్తుంది. బంకమట్టి కూరి దట్టించాలి, లేదా మూత బిగించి పైపునే ఉంచేయాలి. పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఎక్కువున్న గుట్టల్లో గంధకపు వాయువులు తొడుగును తినేస్తాయి. మొన గరుకెక్కితే కొత్తదాని పక్కన పెట్టి సరిచూడండి.

సెట్‌తో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం రాదు, అది లేకుండా గుట్ట ఎక్కకూడదు. ఇద్దరు వెళ్లాలి, గాలి వీపు వైపు ఉండాలి. ఆవిరి వచ్చే మెత్తని నేల మీద అడుగు వేయొద్దు, కింద కాలి గుల్లయి ఉండొచ్చు. ఎర్రగా కాలుతున్న చోట నీళ్లు గుమ్మరిస్తే ఆవిరి పేలుతుంది, హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడతాయి.

రాడ్ నిప్పును పట్టిస్తుంది, ఆపదు. ఆపేది పలచటి పొరలుగా పోసి రోలర్‌తో తొక్కించడం, వాలును బంకమట్టితో కప్పడం. గుట్ట మరీ పెద్దదైతే తెల్లవారకముందే థర్మల్ కెమెరా డ్రోన్‌తో అనుమానపు చోట్లు గుర్తించి, అక్కడే రాడ్ దించండి.