సాంబ్రాణి వేస్తే అలారం మోగే ఇల్లు: పసిబిడ్డతో యార్క్‌షైర్ కాటేజీలో వారం

ఇంగ్లండ్‌లో ఉన్న కొడుకో బిడ్డో "అమ్మా, మీరొచ్చినప్పుడు ఒక వారం పల్లెకు పోదాం" అన్నారంటే, బుక్ అయ్యేది చాలావరకు ఇలాంటి ఇల్లే. ఉత్తర ఇంగ్లండ్‌లోని లోయల ప్రాంతం యార్క్‌షైర్ డేల్స్‌లో హాజ్ అనే చిన్న ఊరికి కొంచెం అవతల, గొర్రెల పొలం అంచున ఉన్న రాతి కాటేజీ. కింద వంటగది, హాలు. పైన రెండు పడకగదులు, స్నానాల గది. వంట మనదే, ఊడ్చుకునేదీ మనమే. నల్గొండ నుంచో పాలమూరు నుంచో పోయిన నాయనమ్మ, తాత, వాళ్లతో ఆరేడు నెలల పాప ఉన్న కుటుంబం లెక్కన చూస్తే దీనికి అయిదుకు మూడున్నర మార్కులు.

ప్రకటనలో "బేబీ ఫ్రెండ్లీ" అని రాశారు. ఆ మాటకు వాళ్ల అర్థం ఒక ట్రావెల్ కాట్ (మడతపెట్టే పిల్లల మంచం), ఒక హై చైర్, మెట్లకో గేటు, కట్టెల పొయ్యి ముందర జాలీ. అవన్నీ ఉన్నాయి, శుభ్రంగానూ ఉన్నాయి. కానీ మన ఇళ్లల్లో పసిబిడ్డకు జరిగే నూనె మర్దన, కాళ్ల మీద పడుకోబెట్టి పోసే స్నానం, సాంబ్రాణి, చీర ఉయ్యాల, వీటిలో ఏ ఒక్కదాన్నీ మనసులో పెట్టుకుని కట్టిన ఇల్లు కాదిది.

ముందు స్నానాల గది సంగతి, ఎందుకంటే అసలు తిప్పలు అక్కడే. నేలకు తూము లేదు. నేలంటే చెక్క, దాని మీద వినైల్ షీటు. పీటేసుకుని కాళ్లు చాపి, బిడ్డను పడుకోబెట్టి చెంబుతో పోస్తే ఆ నీళ్లు పోయే దారి లేదు. అంచుల్లోంచి ఇంకి కింది హాలు కప్పు మీద మరకై తేలుతాయి. డిపాజిట్‌కు మొదటి గండి అదే. కాబట్టి టబ్బు లోపలే కూర్చోవాలి. అడుగున మందపాటి తువ్వాల నాలుగు మడతలు పెట్టి, తూము వైపు కాళ్లు చాపితే ఎన్ని నీళ్లు పోసినా ఇబ్బంది లేదు. ఇంట్లో బకెట్ లేదు, చెంబూ లేదు. ఒక మగ్గు సూట్‌కేసులో పడేసుకుంటే చాలు, బకెట్ అక్కడే కొనుక్కోవచ్చు.

నూనె తగిలిన టబ్బు ఎంత జారుతుందో కూర్చునేటప్పుడు తెలియదు, ఒళ్లో తడి బిడ్డతో లేచేటప్పుడు తెలుస్తుంది. అందుకని బిడ్డను అందుకోవడానికి బయట ఇంకో మనిషి నిలబడాల్సిందే. సున్నిపిండి ఎంత తక్కువ వాడితే అంత మంచిది, నూనెతో కలిస్తే సన్న పైపులో ముద్దలా గడ్డకడుతుంది. కుళాయిలు వేడికొకటి, చల్లదానికొకటి, విడివిడిగా ఉన్నాయి. వేడిది చేయి పెట్టలేనంత కాగి వస్తుంది. బకెట్లో ముందు చన్నీళ్లు పట్టి, ఆ తర్వాతే వేడివి కలపాలి. 37 డిగ్రీలు చాలు. మోచేయి ముంచితే వెచ్చగా అనిపించాలి, చురుక్కుమనకూడదు.

ఇక సాంబ్రాణి. ఆ వారం మానేయడమే. మెట్ల పైన పొగ అలారం, కట్టెల పొయ్యి ఉన్న హాల్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉన్నాయి. బొగ్గు నిప్పుల మీద వేసే సాంబ్రాణి రెండింటినీ కదిలిస్తుంది. అలారం మోత ఒక్కటే కాదు బాధ. చలికి కిటికీలు బిగించిన చిన్న గదిలో నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, బిడ్డకు అది నిజంగా ప్రమాదం. తల మెత్తటి పాత బట్టతో తుడిస్తే ఆరుతుంది. ఎండుమిర్చి తాలింపు పెట్టేటప్పుడు కూడా వంటగది తలుపు మూసి, కిటికీ తెరిచి, పైన ఫ్యాను వేశాకే నూనె పెట్టాలి. అలారం బ్యాటరీ పీకి పక్కన పెట్టే తెలివితేటలు మాత్రం వద్దు.

వంట పొయ్యి ఇండక్షన్‌ది. మనం మోసుకుపోయే అల్యూమినియం సర్వ, ఇత్తడి గిన్నె దాని మీద చల్లగానే ఉంటాయి. అడుగుకు అయస్కాంతం అంటుకుంటే పనిచేస్తుంది, లేకుంటే లేదు. ఈ పరీక్ష ఇంటి దగ్గరే చేసుకోవచ్చు.

నీళ్ల గురించి నల్గొండ వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ ఏం చేసిందో చూసిన కళ్లవి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అన్న పేరే స్థిరపడింది. అదే అనుమానం ఇంగ్లండ్ పల్లెలోనూ పనికొస్తుంది. ఈ ఇంటికి వచ్చేవి కంపెనీ పైపు నీళ్లు కావు, గుట్ట మీది ఊట నీళ్లు. అల్ట్రావయొలెట్ దీపం ఉన్న ఫిల్టర్ గుండా వస్తాయి. ఇలా అద్దెకిచ్చే ఇళ్ల సొంత నీటి వనరులను అక్కడి స్థానిక కౌన్సిల్ పరీక్ష చేయిస్తుంది. ఆ రిపోర్టు అడిగి చూడాలి. ఇక్కడ అది హాల్లోని ఫైల్లోనే పెట్టి ఉంది, దానికి పూర్తి మార్కులు. అందులో ముందు చూడాల్సింది నైట్రేట్. హద్దు లీటరుకు 50 మిల్లీగ్రాములు. కాచితే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఇంకో మెలిక ఏమిటంటే, కరెంటు పోతే ఆ దీపం కూడా ఆరిపోతుంది. ఆ పూట కుళాయి నీళ్లు కాచకుండా ఎవరూ తాగొద్దు. సీసా నీళ్లతో పాలు కలపాల్సి వస్తే లేబుల్ మీద సోడియం లీటరుకు 200, సల్ఫేట్ 250 మిల్లీగ్రాములకు లోపు ఉండాలి. వాటినీ కాచాల్సిందే.

పాలపొడి కలిపే దగ్గర మన వాళ్లది ఒక పాత పొరపాటు. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని, అందులో పొడి వేసి ఊపుతారు. నీళ్లు కాచినవే అయినా డబ్బాలోని పొడి క్రిములు లేనిది కాదు. 70 డిగ్రీలకు తగ్గని నీళ్లు పోస్తేనే అందులో ఉన్నవి చస్తాయి. కెటిల్లో అప్పుడే పట్టిన నీళ్లు ఒక లీటరు కాచి, అరగంట దాటకుండా వాడి, సీసాను కుళాయి కింద తిప్పి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టాలి. కెటిల్లో కొద్ది నీళ్లే కాస్తే తొందరగా చల్లారిపోతాయి, అందుకే లీటరు అనే లెక్క. స్టెరిలైజర్ ఇంట్లో లేదు. చన్నీళ్లలో వేసే మాత్రలు తేలిక. సీసాలు కనీసం అరగంట మునగాలి, ఆ నీళ్లు 24 గంటలకోసారి మార్చాలి. సీసాలో గాలి బుడగ ఉండిపోతే ఆ చోట మందు తగలదు, ముంచేటప్పుడు వంచి తీసేయాలి.

పడక దగ్గర ఇంటికి మంచి మార్కులే. తప్పు చేసేది మనమే. ట్రావెల్ కాట్ పరుపు పలచగా, గట్టిగా ఉంటుంది. నాయనమ్మ చేయి పెట్టి చూసి "అట్ట లెక్కుంది" అని కింద బొంత పరుస్తుంది. వద్దు. పరుపుకు, కాట్ పక్క జాలీకి మధ్య సందు ఏర్పడి బిడ్డ ముఖం అందులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఆ కాట్‌తో వచ్చిన పరుపే వాడాలి. పైన మొద్దు లాంటి చెక్క దూలాలు కనబడేసరికి చీర ఉయ్యాల కట్టాలని మనసు లాగుతుంది. అదీ వద్దు, ఆ దూలాల్లో ఏది బరువు మోసేదో, ఏది అందానికి తగిలించిందో చూసి చెప్పలేం.

మేలో 44 డిగ్రీల నుంచి పోయిన వాళ్లకు అక్కడి గది గజగజే. కానీ బిడ్డ పడుకునే గది 16 నుంచి 20 డిగ్రీలే ఉండాలని అక్కడి సలహా. రాత్రంతా హీటర్, స్వెట్టర్, నెత్తికి టోపీ, పైన శాలువా, ఇవన్నీ కలిస్తే బిడ్డకు చలి కన్నా ముందు ఉడుకే చేటు చేస్తుంది. పసిపిల్లల ఒంటి వేడి తల నుంచే ఎక్కువగా పోతుంది, ఇంట్లో టోపీ తీసేయాలి. దుప్పటికి బదులు 2.5 టాగ్ (టాగ్ అంటే వెచ్చదనం కొలత) స్లీపింగ్ బ్యాగ్ ఆ వేడికి సరిపోతుంది. చేతులు చల్లగా ఉన్నాయని కంగారుపడొద్దు, మెడ వెనకో ఛాతీ మీదో చేయి పెట్టి చూడాలి.

జూన్‌లో పోతే ఇంకో సంగతి. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగే, మళ్లీ నాలుగున్నరకు తెల్లారుతుంది. ఈ ఇంటి కర్టెన్లు పూల కర్టెన్లు, చూడ్డానికే. అద్దానికి అతికించే నల్ల బ్లైండ్ ఒకటి వెంట లేకుంటే బిడ్డ నిద్రపోదు, ఇంటిల్లిపాదీ నిద్రపోరు.

అర మార్కు మెట్ల దగ్గర పోయింది. నిటారు మెట్లు, గేటు కిందనే ఉంది, అదీ ఒత్తిడితో బిగించే రకం. పైన లేదు. ఆ రకం గేటుకు అడుగున అడ్డంగా కడ్డీ ఉంటుంది కాబట్టి దాన్నే పైకి మార్చినా పనికిరాదు, చీకట్లో బిడ్డనెత్తుకుని దాటేవాళ్ల కాలికి తగులుతుంది. పైన స్క్రూలతో గోడకు బిగించేదే ఉండాలి. బుక్ చేసే ముందే అడగాలి: గేట్లు ఎన్ని, ఎక్కడ, ఏ రకం? ఈ ఇంట్లో పాకే బిడ్డ ఉంటే పడకగది తలుపు మూసి ఉంచడం తప్ప దారి లేదు.

వంటగది బల్ల మీద స్వాగతం పళ్లెం పెడతారు. స్కోన్లు (చిన్న బన్నుల లాంటివి), జామ్, ఆ పొలం తేనె. తేనె మంచిదే, పెద్దలకు. ఏడాది నిండని బిడ్డ నాలుకకు ఒక్క చుక్క కూడా రాయొద్దు, అందులోని బాటులిజం బీజాల్ని పసి పేగు తట్టుకోలేదు. ఇంటి నుంచి నెయ్యి, కోవా తీసుకుపోవాలనుకునే వాళ్లకు: భారత్ నుంచి పాల ఉత్పత్తులు సామానులో తేనివ్వరు, విమానాశ్రయంలోనే పారేస్తారు. నెయ్యి అక్కడి సూపర్ మార్కెట్లలోనే దొరుకుతుంది. పెద్ద దుకాణాలు ఆదివారం ఆరు గంటలే తెరుస్తారు, శనివారం సాయంత్రం దిగేవాళ్లు దారిలోనే సరుకులు కొనుక్కోవాలి.

బయట చోటు మాత్రం అయిదుకు అయిదు. రాతి గోడల మధ్య పచ్చిక, నల్ల ముఖం స్వేల్‌డేల్ గొర్రెలు. గొంగడి కప్పుకుని తిరిగిన తాతలు వాటి ఉన్ని చూసి బేరం ఆలోచిస్తారు. కాకపోతే నడకదారులు గోడల్లోని సన్న సందుల్లోంచి, రాతి మెట్ల మీదుగా పోతాయి. బిడ్డ బండి వాటిలో పట్టదు. ఒంటికి కట్టుకునే క్యారియర్ తప్పనిసరి, బండి ఊళ్లోకి మాత్రమే. వాన పడితే హాజ్‌లో వెన్స్లీడేల్ చీజ్ తయారీ చూడొచ్చు, మంగళవారం సంత ఉంటుంది. ఏప్రిల్‌లో గొర్రెలు ఈనే కాలం. ఇంట్లో గర్భిణి ఉంటే వాటి దగ్గరికి పోకూడదు, గొర్రె పిల్లల్ని తాకిన వాళ్ల బట్టలూ ముట్టుకోకూడదు. గొర్రెను నిమిరిన చేతులకు సబ్బు, నీళ్లే కావాలి, జెల్ సరిపోదు.

కారు లేకుండా ఇక్కడికి రావాలనుకోవడం వృథా. మన లైసెన్స్‌తో ఏడాది దాకా నడపొచ్చు, ఎడమ వైపే. కానీ బిడ్డను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చునే పద్ధతి అక్కడ నేరం, 500 పౌండ్ల దాకా జరిమానా. ఐ-సైజ్ (బిడ్డ ఎత్తును బట్టి ఎంచుకునే రకం) కారు సీటైతే 15 నెలలు దాటేదాకా వెనక్కి తిప్పే ఉంచాలి, ఎయిర్‌బ్యాగ్ ఆపకుండా ముందు సీట్లో పెట్టకూడదు. రెండు గంటలకోసారి ఆగి బిడ్డను సీట్లోంచి తీయాలి.

జ్వరం మందు దగ్గర లెక్క తప్పొద్దు. మన దేశంలో అమ్మే పారాసెటమాల్ డ్రాప్స్ చాలావరకు ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. ఇంగ్లండ్‌లో పిల్లలకిచ్చే సిరప్ 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు. మన డ్రాపర్‌తో అక్కడి మందు పోస్తే చాలదు, అక్కడి చెంచాతో మన డ్రాప్స్ పోస్తే నాలుగింతలు పోతుంది. ఏదో ఒక్క సీసానే ఉంచుకోవాలి. ఫోన్ చేయాల్సింది సలహాకు 111, ప్రాణం మీదికొస్తే 999. లోయలో సిగ్నల్ అంతంతే, ఈ ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంది, అది వాడుకోవాలి.

పొద్దున పదికల్లా ఖాళీ చేయాలి. మురుగు సెప్టిక్ ట్యాంకుకు పోతుంది కాబట్టి తడి వైప్స్ టాయిలెట్లో వేయొద్దు, డైపర్లు రెండు సంచుల్లో కట్టి మామూలు చెత్త డబ్బాలో వేయాలి. ఇంటివాళ్ల తెల్ల తువ్వాళ్లకు నువ్వుల నూనె మరక పడితే ఉతికినా పోదు, డిపాజిట్‌లో కోత పడుతుంది. మర్దనకు పాత పంచె ముక్కలు నాలుగు పెట్టుకుపోతే అక్కడే పారేసి రావచ్చు.